టీసీలో రాయని కారణం

తెలుగు రాష్ట్రాల కతోలిక పాఠశాలల కరస్పాండెంట్లకు, ప్రధానోపాధ్యాయులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫాదర్లకు, సిస్టర్లకు, బ్రదర్లకు వందనాలు.

నేను మీ బడుల్లో ఒకదానిలో 29 ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఏ బడో చెప్పను. చెబితే ఈ లేఖ ఆ ఒక్క బడి గొడవ అయిపోతుంది, మిగిలినవారు పేజీ తిప్పేస్తారు. నా జీతం బకాయిల గురించో, పింఛను గురించో కాదు ఇది రాస్తున్నది. మీ ఆఫీసు బీరువాలో ఉన్న ఒక పుస్తకం గురించి. టీసీ పుస్తకం.

దాన్ని ఒక్కసారి బయటికి తీయండి. గత ఐదేళ్ల కౌంటర్‌ఫాయిళ్లు తిరగేయండి. ఎనిమిది, తొమ్మిది తరగతులు అయ్యాక ఏప్రిల్ నుంచి జూన్ లోపు వెళ్లిపోయిన పిల్లల పేర్లు చూడండి. ‘బడి విడిచి వెళ్లడానికి కారణం’ అనే గడిలో ఏం రాసి ఉందో చూడండి. ‘తల్లిదండ్రుల కోరిక మేరకు.’ మా బడి పుస్తకంలో ఆ మాట నా చేతిరాతలోనే చాలా చోట్ల ఉంది.

అందులో ఒక్కటి చెబుతాను. ఏప్రిల్ నెలాఖరు. నేను తొమ్మిదో తరగతికి క్లాస్ టీచరును. ఒక పిల్లవాడి తండ్రిని పిలిపించమన్నారు, పిలిపించాను. తాపీ పని చేసే మనిషి. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, చేతుల మీద సిమెంటు ఎండి తెల్లగా ఉంది. మీవాడు లెక్కల్లో, ఇంగ్లిషులో బాగా వెనకబడ్డాడని, మా బడి స్థాయి అందుకోలేడని, పదో తరగతి గవర్నమెంటు బడిలో అయితే సులువుగా గట్టెక్కుతాడని ఆయనకు చెప్పారు. ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. వాడేమైనా అల్లరి చేశాడా అని. ఫీజు ఏమైనా బాకీ ఉందా అని. రెండూ లేవు. ఇంకేం అడగాలో ఆయనకు తెలియలేదు. చూపించిన చోట సంతకం పెట్టాడు. నేను కారణం గడి నింపాను, ‘ప్రవర్తన’ ఎదురుగా ‘సంతృప్తికరం’ అని రాశాను. పిల్లవాడు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. నా దగ్గర తీసుకున్న క్లాసు లైబ్రరీ పుస్తకం తిరిగివ్వడానికి తెచ్చాడు. దానికి దినపత్రిక కాగితంతో కొత్త అట్ట వేసి, పైన తన అక్షరాలతో పుస్తకం పేరు రాశాడు. వెళ్లగొట్టే బడికి అట్ట వేసిచ్చాడు.

ఆ మరుసటి ఏడాది మా బడికి పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు వచ్చాయి. గేటు పైన ఫ్లెక్సీ కట్టారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతకుముందు ఏప్రిల్‌లో వెళ్లిపోయిన తొమ్మిదిమంది ఆ నూరులో లేరు, అంతే. ఆ తాపీమేస్త్రీ తర్వాత ఒకసారి తిరునాళ్లలో కనిపించి, నేను అడగకుండానే చెప్పాడు: ‘వాడు పది కట్టలేదమ్మా, నాతోనే పనికి వస్తున్నాడు.’ ఆయన గొంతులో నా మీద కోపం లేదు. అదే నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

పదవీ విరమణ చేశాక ఒక పుస్తకం ఆంగ్లానువాదం నా చేతికి వచ్చింది. దాని పేరు ‘ఒక ఉపాధ్యాయురాలికి లేఖ’. 1967 మే నెలలో ఇటలీలో వెలువడింది. రాసినవాళ్లు ఎనిమిదిమంది కుర్రాళ్లు, బార్బియానా అనే కొండపల్లె బడిలో చదువుకున్న రైతుల, కూలీల బిడ్డలు. పట్నంలో పరీక్షకు వెళ్లిన తమవాళ్లను తప్పించిన ఒక ఉపాధ్యాయురాలిని ఉద్దేశించి రాశారు. ఆమె పేరు రాయలేదు. నాలుగు పేజీలు చదివేసరికి ఆ పేరు స్థానంలో నా పేరు కనిపించింది. ఆ పిల్లల వెనక ఉన్నది ఒక కతోలిక గురువు, అంటే ఒక ఫాదర్, లోరెంజో మిలానీ. బి.ఇడి.లో విద్యావేత్తలు పెస్టాలజీని, ఫ్రోబెల్‌ను, మాంటిస్సోరీని బట్టీపట్టి పరీక్ష రాసినదాన్ని నేను. మన తిరుసభకే చెందిన ఈ గురువు పేరు మాత్రం 29 ఏళ్ల ఉద్యోగంలో, అన్ని రిట్రీట్లలో, అన్ని ఓరియంటేషన్లలో ఒక్కరి నోట కూడా వినలేదు. అందుకే మీకు ఆయన గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది. తెలిసినవారు మన్నించండి.

మిలానీ 1923 మే 27న ఫ్లోరెన్సులో పుట్టారు. కలిగిన కుటుంబం, అంతకుమించి చదువుల కుటుంబం. ముత్తాత దొమేనికో కొంపరేత్తి పేరుపొందిన భాషా పండితుడు, తాత పురావస్తు శాస్త్రవేత్త. తల్లి అలీచే వైస్ త్రియెస్తె నగరానికి చెందిన యూదు వనిత, ఐరిష్ నవలాకారుడు జేమ్స్ జాయిస్ దగ్గర ఇంగ్లిషు పాఠాలు చెప్పించుకున్న మనిషి. ఇంట్లో దైవభక్తి లేదు. యూదుల మీద ద్వేషం పెరుగుతున్న రోజులని భయపడి 1933లో పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించారు. లోరెంజో చిత్రకారుడు కావాలనుకుని బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. ఇరవయ్యో ఏట, యుద్ధం నడుమ, 1943లో అన్నీ వదిలి గురువిద్యాలయంలో చేరాడు. 1947 జూలైలో గురుపట్టం పొందారు.

మొదట ఆయన్ని సహాయ గురువుగా పంపింది ఫ్లోరెన్సుకు దగ్గరలోని కలెంజానోలో సాన్ దొనాతో విచారణకు, అంటే పారిష్‌కు. అక్కడ నేత మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు, రైతు కుర్రాళ్లు. దివ్యపూజలో తాను చెప్పే ప్రసంగం వాళ్లకు అర్థం కావడం లేదని ఆయన కొద్ది రోజుల్లోనే గ్రహించారు. వాళ్లకు భక్తి తక్కువై కాదు, మాటలు తక్కువై. పత్రిక చదివితే అర్థం కాదు, యజమానితో ఒప్పంద పత్రం చదివితే అర్థం కాదు, సువిశేషం చదివినా అర్థం కాదు. ముందు భాష ఇవ్వాలి, మిగిలినవన్నీ తర్వాత, అనుకున్నారు. రాత్రిబడి పెట్టారు. కమ్యూనిస్టుల పిల్లలు రావడానికి జంకుతారేమోనని ఆ గది గోడ మీది సిలువ స్వరూపాన్ని తీసేశారు. ఈ ఒక్క పనికే ఆయన్ని ఎన్ని మాటలన్నారో మీరు ఊహించగలరు. నాకైతే ఆ ఖాళీ గోడే ఆయన చెప్పిన గొప్ప ప్రసంగమనిపిస్తుంది. గోడ మీద స్వరూపం ఉండి గుమ్మం బయట పిల్లవాడు నిలబడి ఉన్న గదిలో నేను కూర్చున్నాను గనుక ఈ మాట అంటున్నాను.

1954 డిసెంబరులో ఆయన్ని బార్బియానాకు పంపించారు. మోంతే జోవి కొండవాలులో విసిరేసినట్టు అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు, నడుమ ఒక చర్చి. రోడ్డు లేదు, కరెంటు లేదు, కుళాయి లేదు. పై అధికారులకు తలనొప్పిగా మారిన గురువును ఎక్కడికి పంపుతారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన వయసు అప్పుడు 31. వెళ్లిన మర్నాడే కొండ దిగి మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లి, బార్బియానా శ్మశానంలో తన సమాధికి చోటు కొనుక్కున్నారు. బదిలీ కోసం ఎదురుచూసే మనిషి చేసే పని కాదది. ఆ మాట ఆ కొండమీది ప్రతి గడపకూ తెలిసే ఉంటుంది.

1956లో ప్రాథమిక చదువు ముగించిన ఆరుగురు మగపిల్లలతో తన ఇంట్లోనే బడి మొదలుపెట్టారు. కింద ఊరి బడికి పోలేనివాళ్లు, పోయినా తప్పించి పంపేసినవాళ్లు క్రమంగా చేరారు. రోజుకు పన్నెండు గంటలు, ఏడాదికి 365 రోజులు, ఆదివారం కూడా బడే. సెలవు ఇస్తే ఆ పిల్లలు పోయేది ఆటకు కాదు, గొర్రెల వెంట. కాబట్టి బడే వాళ్లకు విశ్రాంతి.

పన్నెండు గంటల బడి అనగానే మన తెలుగువాళ్లకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. మన రెసిడెన్షియల్ కాలేజీల స్టడీ అవర్లు, ఇనుప గ్రిల్స్, వారాంతపు పరీక్షలు. అక్కడే నేనూ ఒక క్షణం ఆగిపోయాను. తేడా గంటల్లో లేదు. మన చోట ఆ గంటలన్నీ పక్కవాడిని దాటిపోవడానికి. ప్రతి వారం మార్కులు చూసి సెక్షన్లు మారుస్తారు, ముందువాడికి మంచి మాస్టరు, వెనకవాడికి కొత్తగా చేరిన మాస్టరు. బార్బియానాలో మార్కులు లేవు. ఎవడికి పునాది లేదో, ఎవడు మందకొడో, ఎవడికి చదవబుద్ధి కాదో, వాడే అక్కడ అందరికంటే ముద్దుబిడ్డ. మన బడుల్లో ఫస్టు ర్యాంకు వచ్చినవాడిని ఎలా చూసుకుంటామో అలా వాడిని చూసుకునేవారు. వాడికి అర్థమయ్యేదాకా మిగిలినవాళ్లు ముందుకు కదిలేవాళ్లు కారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పేవారు. పన్నెండేళ్ల పిల్లవాడు కూడా ఒక మాస్టరే.

నాకు ఆయన్ని దేవుడిని చేయాలని లేదు. మనిషి కఠినుడు. కోపం వస్తే ఎదుటివారి హోదా చూసేవారు కాదు, బడి చూద్దామని పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషుల్ని పిల్లల ఎదుటే కడిగేసేవారు. పిల్లల్ని ఆటలాడనివ్వలేదన్నది ఆయన మీద నాకున్న ఫిర్యాదు. కానీ ఆ కొండపిల్లలకు నీళ్లంటే భయమని గమనించి, వాళ్ల చేతనే ఒక చిన్న ఈతకొలను కట్టించి ఈత నేర్పించారు. బల్లలు పిల్లలే చేసుకున్నారు. రోజూ దినపత్రిక గట్టిగా చదివేవారు, అర్థం కాని ప్రతి మాట దగ్గరా ఆగేవారు. ఒక మాట వెనక చరిత్ర, దాని వెనక భూగోళం, దాని వెనక మరో భాష వచ్చేవి. పెద్ద పిల్లల్ని వేసవిలో విదేశాలకు పనికి పంపి, అక్కడి భాషలు అక్కడే నేర్చుకోమన్నారు.

ఆ బడి గోడ మీద ఆయన రెండు ఇంగ్లిషు మాటలు రాయించారు: ‘ఐ కేర్’. ముస్సోలినీ అనుచరులకు ఒక నినాదం ఉండేది. మన భాషలో చెప్పాలంటే ‘నాకేం పట్టింది’ అని. దానికి ఇది ఎదురుమాట. తెలుగులో ఎంత తేలికగా ఒదుగుతుందో చూడండి: ‘నాకు పట్టింది’. ఆ తాపీమేస్త్రీ సంతకం పెడుతున్నప్పుడు ఈ రెండింటిలో ఏ మాట నా నోట్లో ఉండాల్సిందో, ఏది ఉందో, నాకు తెలుసు.

తెలుగు చెప్పినదాన్ని గనుక మరో సంగతి దగ్గర కాసేపు ఆగనివ్వండి. ఆ లేఖను ఎనిమిదిమంది కలిసి ఎలా రాశారన్నది. ప్రతి ఒక్కరి జేబులో ఒక చిన్న నోటుపుస్తకం. ఆలోచన వచ్చినప్పుడల్లా రాసుకోవాలి. తర్వాత ఒక్కో ఆలోచన ఒక్కో చీటీ మీద, ఒకవైపే. ఒక రోజు చీటీలన్నీ పెద్ద బల్ల మీద పరుస్తారు. రెండుసార్లు వచ్చినవి తీసేస్తారు. ఒక జాతివి ఒక కుప్ప, అది ఒక అధ్యాయం. ప్రతి కుప్పనూ మళ్లీ చిన్న కుప్పలు చేస్తే అవి పేరాలు. అక్కడి నుంచి కోత మొదలు. అనవసరమైన విశేషణం, కష్టమైన మాట, మరీ పొడుగు వాక్యం, ఒకే వాక్యంలో ఇరుక్కున్న రెండు ఆలోచనలు, అబద్ధం. ఎవరు ఎక్కువ తీసేయగలిగితే వాళ్లు గెలిచినట్టు. చివరికి బయటివాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి చదివి వినిపిస్తారు. పెద్దగా చదువుకోనివాళ్లయితే మరీ మంచిది. వాళ్లకు అర్థం కాకపోతే తప్పు రాసినవాడిది.

ఇన్నేళ్లలో నేను వ్యాసరచన ఎలా నేర్పాను? గైడులోని ఎనిమిది వ్యాసాలు. ‘ముఖ్యమైనవి’ అని టిక్కు పెట్టి బట్టీ పట్టించాను. బాగా చదివే పిల్లలు అచ్చు గుద్దినట్టు దించేవారు, వాళ్లకు నిండా మార్కులు వేశాను. సొంత మాటల్లో రెండు పేరాలు రాసి, నాలుగు అక్షరదోషాలు చేసినవాడికి సగం మార్కులు. వెళ్లిపోయిన ఆ పిల్లవాడు సొంత మాటల్లో రాసేవాడు.

రెండేళ్ల కిందట మా వీధిలో పది తప్పిన ముగ్గురు పిల్లల్ని సాయంత్రాలు మా వరండాలో కూర్చోబెట్టి ఈ చీటీల పద్ధతి ప్రయత్నించాను. వీధి చివర బోరింగు చెడిపోయి ఎన్నాళ్లో అయింది, దాని గురించి మునిసిపల్ కమిషనరుకు అర్జీ రాయాలి. మొదటి రోజు ముగ్గురూ కలిసి ఐదు చీటీలు. రెండో రోజు ఇరవై దాకా వచ్చాయి. అందులో ఒక చీటీ: ‘బిందె మోసి అమ్మకు భుజం మీద నల్లగా కమిలింది.’ అర్జీలో ఇలాంటివి రాయకూడదేమో టీచర్ అన్నాడు ఒకడు. ఎందుకు రాయకూడదో ముగ్గురూ కలిసి గంటసేపు వాదించుకున్నారు. చివరికి మొదటి వాక్యంగా అదే పెట్టారు. చదువు రాదని ముద్ర వేసి పంపిన పిల్లలు వాళ్లు. నా ఉద్యోగ జీవితంలో నేను విన్న మంచి సాహిత్య చర్చ అదే.

మిలానీకి దక్కినవి కూడా చెప్పాలి. 1958లో ఆయన రాసిన ‘విచారణ అనుభవాలు’ అనే పుస్తకం వెలువడిన కొన్ని నెలలకే వాటికన్ అధికారులు దాన్ని చలామణీ నుంచి వెనక్కి తీసుకోమన్నారు. 1965లో తుస్కనీకి చెందిన కొందరు సైనిక గురువులు, అంటే సైన్యంలో పనిచేసే ఫాదర్లు, మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరనన్న యువకుల్ని పిరికిపందలంటూ ప్రకటన చేశారు. పత్రికలో అది చదివి మిలానీ బహిరంగ లేఖ రాశారు. ఆయన మీద కేసు పెట్టారు. అప్పటికే రక్తానికి సంబంధించిన క్యాన్సర్‌తో మంచం పట్టిన ఆయన రోము కోర్టుకు వెళ్లలేక న్యాయమూర్తులకు మరో లేఖ పంపారు. ఎవరూ ‘పైవారు చెప్పారు, నేను చేశాను’ అని తప్పించుకోలేరన్నది అందులో ప్రాణమైన మాట. 1966 ఫిబ్రవరిలో కింది కోర్టు నిర్దోషి అంది. ప్రభుత్వం తరఫున అప్పీలుకు వెళ్లారు, ఆ తీర్పు వచ్చేసరికి ఆయన లేరు. 1967 జూన్ 26న, 44 ఏళ్ల వయసులో, పిల్లల పుస్తకం బయటికొచ్చిన కొద్ది వారాలకే కన్నుమూశారు. ముందుగానే కొనుక్కున్న చోటులో, గురువు అంగీతో, కొండ ఎక్కే బూట్లతో పూడ్చిపెట్టారు. ఆయన ఇంట్లో పెరిగిన మికేలే జెజువాల్ది కార్మిక నాయకుడై, తర్వాత ఫ్లోరెన్సు జిల్లా పాలకమండలికి అధ్యక్షుడయ్యారు. ‘విచారణ అనుభవాలు’ మీద ఆంక్ష 2014లో పోయింది. 2017 జూన్ 20న పోపు ఫ్రాన్సిస్ స్వయంగా ఆ కొండెక్కి ఆ సమాధి దగ్గర ప్రార్థించారు.

పైవారు చెప్పారు, నేను చేశాను. నేను కారణం గడి నింపింది అలాగే. ఆ మాట మీలో చాలామంది కూడా అంటారని తెలుసు. మేత్రాసనం, అంటే బిషప్‌గారి కార్యాలయం, ఫలితాలు అడుగుతుంది, మఠసభ పెద్ద అయిన ప్రొవిన్షియల్‌గారు అడ్మిషన్లు ఎందుకు తగ్గాయంటారు, పక్క వీధిలో కార్పొరేట్ బడి ఐఐటీ ఫౌండేషన్ బోర్డు కట్టింది. తల్లిదండ్రులు మీ గేటు దగ్గర ఆగి చూసేది ఫ్లెక్సీనే. పట్నంలో బడి ఫీజులతోనే పల్లెలో హాస్టల్ నడుస్తోందని కూడా నాకు తెలుసు, ఆ లెక్కలు నేను దగ్గరగా చూశాను. ఇదంతా నిజం. కానీ ఈ భారమంతా చివరికి ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడి వీపు మీద పెట్టడం న్యాయం కాదు. గుమ్మం బయట నిలబడినవాడికి ఇందులో ఒక్క సంగతీ తెలియదు.

చట్టం సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఎయిడెడ్ అయినా కాకపోయినా మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదంది. దాన్ని మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబరులో అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. అది తేలేదాకా మీరు చట్టానికి అవతలే ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లవాడికైతే ఆ చట్టం ఏ బడిలోనూ అడ్డుపడదు. కేంద్రం 2024 డిసెంబరులో నిబంధనలు మార్చి, 5, 8 తరగతుల్లో తప్పినవారిని రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టి అప్పటికీ కాకపోతే ఆపవచ్చంది. మిలానీ పిల్లలు దీన్ని కూడా ఒప్పుకునేవారు కారు. కానీ అంత కఠినమైన నిబంధన కూడా ఎనిమిది పూర్తయ్యేలోపు బడి నుంచి పంపేయమని చెప్పలేదు.

రాజ్యాంగం 30వ అధికరణం మనకు ఇచ్చిన స్వేచ్ఛ చిన్నది కాదు. తక్కువమంది ఉన్నవారు ఎక్కువమంది మధ్య తమ పద్ధతిలో బడి నడుపుకోవాలని ఇచ్చింది. మన పద్ధతి ఏది? మా అమ్మ ఓనమాలు దిద్దింది ఊరి చివర మాదిగపల్లెలో ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) బడిలో. తాటాకు పాక. క్రైస్తవ బోధ చెప్పే ఉపదేశిగారే మాస్టరు. ఊళ్లో బడికి ఆమెను రానివ్వలేదు కాబట్టి అక్కడికి బడి వచ్చింది. ఎవరికీ అక్కర్లేని పిల్లల దగ్గరికి బడి నడిచి వెళ్లడం, అదే మీ సంస్థల పుట్టుక. ఆ పాకలోంచి వచ్చినవాళ్ల మనవలు ఈ రోజు మీ ప్రవేశ పరీక్షలో తప్పి గేటు బయట నిలబడుతున్నారు. తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి గురించి పీఠం ఎదుట నిలబడి చెప్పేది మీరే ఫాదర్. మన బడుల్లో ఆ ఒక్కదాన్ని మనమే మంద నుంచి తరిమి, మిగిలిన తొంభై తొమ్మిదికి నూరు శాతం అని ఫ్లెక్సీ కడుతున్నాం.

ఇలా చేయని బడులు ఉన్నాయి. రైల్వే ప్లాట్‌ఫారాల మీద దొరికిన పిల్లల్ని తెచ్చి చదివిస్తున్న సలేషియన్ గురువులు విజయవాడలోనే ఉన్నారు. తొమ్మిదో తరగతిలో చదవడం రానివాడిని తన ఆఫీసు గదిలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన ఒక సిస్టరు దగ్గర నేను మూడేళ్లు పనిచేశాను. ఆవిడ ఉన్నన్నాళ్లూ మాకు నూరు శాతం రాలేదు. పై ఆఫీసు నుంచి ఉత్తరాలు వచ్చేవి, ఆవిడ వాటిని చదివి, మడిచి, సొరుగులో పెట్టేవారు. అది సాధ్యమేనని నాకు తెలిసింది ఆవిడ వల్లే. కాబట్టి అసాధ్యమైనది అడగడం లేదు.

బడిలో అందరికంటే బాగా చెప్పే మాస్టరును వెనకబడినవాళ్లుండే ‘సి’ సెక్షనుకు వేయండి. సాయంత్రం స్టడీ అవర్లో బాగా చదివే పిల్లవాడిని వెనకబడినవాడి పక్కన కూర్చోబెట్టండి. చెప్పడం వల్ల ముందువాడు ఏమీ నష్టపోడు, నాలుగు తరగతులకు చెప్పినదాన్ని, నాకు తెలుసు. ఫలితాలొచ్చిన రోజు గేటు మీద ఎంతమంది పాసయ్యారో రాసినప్పుడు, దాని కిందే ఆరో తరగతిలో మన దగ్గర చేరినవాళ్లు ఎంతమందో, వాళ్లలో పదో తరగతి దాకా ఉన్నవాళ్లు ఎంతమందో కూడా రాయండి. తల్లిదండ్రులు అది చదివి మిమ్మల్ని తక్కువ చేస్తారని భయపడకండి. బార్బియానా కుర్రాళ్లు తమ లేఖ ఉపాధ్యాయుల కోసం కాదని, తల్లిదండ్రుల కోసమని మొదట్లోనే రాశారు. ఈ బహిరంగ లేఖ కూడా మీ కంటే ముందు మీ పిల్లల తల్లిదండ్రుల చేతికి చేరితే నాకు సంతోషమే.

ఆ పుస్తకం చివర ఆ పిల్లలు ఒక జవాబు కోసం ఎదురుచూస్తున్నామన్నారు, వస్తుందని నమ్మకం ఉందన్నారు. నేను వాళ్ల ఉపాధ్యాయురాలిని కాను, నా భాష వాళ్లకు రాదు. అయినా నా వంతు జవాబు ఇదే, చాలా ఆలస్యంగా.

ఇక మీ వంతు. ఈ ఏడాది తొమ్మిదో తరగతి హాజరుపట్టీలో ఎన్ని పేర్లున్నాయో, వచ్చే జూన్‌లో పదో తరగతి హాజరుపట్టీలో అన్ని పేర్లూ ఉండాలని అడుగుతున్నాను. ఒకవేళ ఒక పేరు తీసేయక తప్పదని మీకు అనిపిస్తే, టీసీలో కారణం గడి మీ చేత్తో మీరే నింపండి. ‘ఈ పిల్లవాడు మా ఫలితాలకు అడ్డు’ అని ఉన్నదున్నట్టు రాయండి. దాని కింద మీ సంతకం పెట్టండి. ఆ తండ్రి చేత పెట్టించకండి.

ఇట్లు,
మీ బడిలో పనిచేసిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలు